ఏమీ జరగని రాత్రి వెనుక పదేళ్ల పని

1999 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే కంప్యూటర్లు తిరగబడతాయని పత్రికలు, టీవీలు అంతకు ముందు రెండేళ్ల పాటు హోరెత్తించాయి. కరెంటు పోతుందన్నారు, బ్యాంకు ఖాతాలు తారుమారవుతాయన్నారు, విమానాలు కూలతాయని కూడా అన్నారు. తెల్లారింది. ఎక్కడా ఏమీ కూలలేదు. 2000 సంవత్సరం తెస్తుందన్న ఈ గండానికి పెట్టిన పేరే వై2కే. అప్పటి నుంచి ఆ మాట ఎత్తగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: అసలు ప్రమాదమంటూ ఉందా, లేక కంప్యూటర్ కంపెనీలు డబ్బు చేసుకోవడానికి లేపిన గాలికబురా?

జవాబు ఆ ఒక్క రాత్రిలో దొరకదు. అంతకు ముందు పదేళ్లలో ప్రభుత్వ కార్యాలయాల నేలమాళిగల్లో, మెయిన్‌ఫ్రేమ్ గదుల్లో ఎవరు ఏం చేశారో చూడాలి. ఆ పని కూలంకషంగా, బహిరంగంగా నమోదైన దేశం అమెరికా. వాళ్ల కథలో ఇంకో ప్రశ్న కూడా ఇమిడి ఉంది. ప్రమాదం రాకుండా చేసిన ఉద్యోగిని ఏం చూసి గుర్తించాలి? ప్రమాదం రాలేదు కనుక చూపించడానికి ఏమీ మిగలదు కదా.

రెండు అంకెల పొదుపు

1960ల్లో కంప్యూటరుకు సమాచారం అందించే ముఖ్య సాధనం పంచ్ కార్డు. ఆ అట్టముక్కలో 80 నిలువు వరుసలు ఉండేవి. ఒక్కో వరుసలో ఒక్క అక్షరమో, ఒక్క అంకో పట్టేది. మనిషి పేరు, చిరునామా, జీతం, పుట్టిన తేదీ అన్నీ ఆ 80లోనే ఇమడాలి. ప్రతి సంవత్సరం ముందూ 19 అని వేయడం దండగనిపించింది. 1935 బదులు 35 అని వేస్తే రెండు గళ్లు మిగిలేవి. యంత్రం లోపలి మెమరీ కూడా ఆ రోజుల్లో చాలా ఖరీదు. లక్షలాది రికార్డుల్లో రెండేసి అంకెలు తగ్గితే ఎంతో డబ్బు ఆదా అయ్యేది. ఆనాటికి అది తెలివైన పొదుపే.

కార్డులు పోయి టేపులొచ్చాయి, టేపుల తర్వాత డిస్కులొచ్చాయి. కోబాల్ భాషలో రాసిన ప్రోగ్రాములు మాత్రం పాత అలవాటుతోనే నడిచాయి. 1968లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్, శాఖల మధ్య తేదీలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆరు అంకెల పద్ధతినే ప్రమాణంగా ప్రకటించింది. సంవత్సరానికి రెండు, నెలకు రెండు, రోజుకు రెండు. బాబ్ బెమర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1971లోనే దీని మీద హెచ్చరిక రాశాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఈ ప్రోగ్రాములే నడుస్తుంటాయని ఎవరూ అనుకోలేదు. ప్రభుత్వ కార్యాలయంలో ఒకసారి కుదురుకున్న ప్రోగ్రాం అంత తేలిగ్గా పోదన్న సంగతి మరిచిపోవడమే ఇందులో అసలు పొరపాటు.

దీనివల్ల ఏం జరుగుతుందో ఒక లెక్కలో చూడవచ్చు. ఒక వ్యక్తి 1935లో పుట్టాడు. 65 ఏళ్లు నిండగానే పింఛను రావాలి. 1999లో యంత్రం 99 లోంచి 35 తీసేసి, వయసు 64 అంటుంది. సరైన లెక్కే. 2000లో 00 లోంచి 35 తీసేస్తుంది. మైనస్ 35 వస్తుంది. రుణ సంఖ్యను దాచుకునే చోటు లేని ప్రోగ్రాం మైనస్ గుర్తును వదిలేసి, వయసు 35 అని రాసుకుంటుంది. నిన్నటిదాకా అర్హత దగ్గరపడుతున్న మనిషి ఒక్క రాత్రిలో ముప్పై ఏళ్లు చిన్నవాడైపోతాడు. అతని దరఖాస్తు తిరస్కరణ జాబితాలో పడుతుంది. ఇంతా జరిగి యంత్రం ఆగదు, గంట మోగదు, ఎర్ర దీపం వెలగదు. ఆగిపోయిన యంత్రాన్ని ఎవరైనా గమనిస్తారు. తప్పుడు లెక్క వేస్తూ మామూలుగా నడిచిపోయే యంత్రాన్ని పట్టుకోవడమే కష్టం.

ఇంకో రెండు చిక్కులు కూడా ఉన్నాయి. 1900 జనవరి 1 సోమవారం, 2000 జనవరి 1 శనివారం. 00 అంటే 1900 అనుకున్న యంత్రానికి ఏ రోజు సెలవో, ఏ రోజు పనిదినమో తెలియదు. పైగా 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. అందువల్ల జనవరి 1 గండం గడిచినా ఫిబ్రవరి 29 దాకా ఊపిరి పీల్చుకోవడానికి లేదు.

1989లో మొదలైన పని

అమెరికాలో వృద్ధులకు, వికలాంగులకు, చనిపోయిన ఉద్యోగుల కుటుంబాలకు నెలనెలా డబ్బు అందించే సంస్థ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్. 1990ల చివరికి దాదాపు 5 కోట్ల మందికి ఆ సంస్థ లెక్కల ప్రకారమే డబ్బు అందేది. వై2కే సమస్య ఆ కార్యాలయంలో ఉపన్యాసాల్లో వినిపించిన హెచ్చరికగా రాలేదు, రోజువారీ పనిలోనే ఎదురైంది. పొరపాటున ఎక్కువ చెల్లించిన సొమ్మును కొందరి దగ్గర్నుంచి చిన్న చిన్న వాయిదాల్లో రాబట్టే ప్రోగ్రాం ఒకటి ఉండేది. 1989లో కొన్ని వాయిదాలు 2000 దాటి వెళ్లేసరికి ఆ ప్రోగ్రాం ఆ తేదీలను తీసుకోలేకపోయింది.

చాలా కార్యాలయాల్లో అయితే ఆ ఒక్క ప్రోగ్రాంకు అతుకు వేసి ఊరుకునేవారు. ఇక్కడి సిబ్బంది ఊరుకోలేదు. ఇదే తప్పు ఇంకెన్ని చోట్ల ఉందని వెతకడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర 3 కోట్లకు పైగా ప్రోగ్రాం వరుసలు ఉన్నాయి. వాటిలో తేదీ అనే మాటే లేకుండా తేదీని దాచుకున్న చోట్లు ఎన్నో. ఇరవై ఏళ్ల కిందట ఎవరో రాసి రిటైరై వెళ్లిపోయారు. వాళ్లు ఆ అంకెకు పెట్టుకున్న పేరు చూస్తే అది సంవత్సరమో, జిల్లా కోడో తెలియదు. వరుస వరుసా చదివి, ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతోందో ఆరా తీయాలి.

దొరికిన చోట మరమ్మతుకు రెండు దారులు. మొదటిది రెండు అంకెల చోటును నాలుగు అంకెలకు పెంచడం. ఇది శాశ్వతమైన పద్ధతి, కానీ ఖరీదైనది. ఒక ఫైలులో గడి పెరిగితే ఆ ఫైలును చదివే ప్రతి ప్రోగ్రామునూ మార్చాలి. రెండోది కిటికీ పద్ధతి. రికార్డులో రెండు అంకెలే ఉంచి, 00 నుంచి 29 దాకా వస్తే 2000ల కిందికి, 30 నుంచి 99 దాకా వస్తే 1900ల కిందికి లెక్కవేయమని ప్రోగ్రాంకు చెబుతారు. త్వరగా అయిపోతుంది. అయితే గండం తప్పినట్టు కాదు, గీత గీసుకున్న సంవత్సరానికి వాయిదా పడినట్టు. ఏ ఫైలుకు ఏ పద్ధతి వాడాలన్న నిర్ణయం దగ్గరే ఈ ఉద్యోగుల నేర్పు తెలుస్తుంది.

మరమ్మతు కన్నా పరీక్షకు ఎక్కువ కాలం పట్టింది. నడుస్తున్న యంత్రంలో గడియారాన్ని 2000కి తిప్పి చూద్దామంటే కుదరదు. తేదీ ముందుకు జరిగిన క్షణాన సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు గడువు తీరిపోతుంది, పాస్‌వర్డులు చెల్లకుండా పోతాయి, పాతబడ్డాయనుకుని టేపుల్లోని దస్త్రాలు చెరిగిపోతాయి. అందుకే వేరే యంత్రాన్ని, లేదా పెద్ద యంత్రంలో ఒక భాగాన్ని పూర్తిగా విడదీసి, అసలు దస్త్రాల నకళ్లను అందులో ఎక్కించి, గడియారాన్ని 1999 డిసెంబరు 31 రాత్రికి తిప్పేవారు. అర్ధరాత్రి దాటనిచ్చి, పాత ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాన్నీ కొత్త ప్రోగ్రాం ఇచ్చిన ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చేవారు. తేడా కనబడితే అది కొత్త తప్పా, ఇన్నాళ్లూ దాక్కున్న పాత తప్పా తేల్చాలి. ఆ తర్వాత నెలాఖరుకు, ఫిబ్రవరి 29కి, సంవత్సరాంతానికి గడియారం తిప్పి మళ్లీ అదే తంతు. చూసేవారికి విసుగు పుట్టించే పని ఇది. కోట్ల మందికి నెల జీతం లాంటి సొమ్ము ఆ విసుగు మీదే ఆధారపడి ఉంది.

ఇంత ముందున్న సంస్థ కూడా ఒకచోట ఏమరింది. వైకల్యాన్ని నిర్ధారించే పని రాష్ట్రాల కార్యాలయాలది. వాటి కంప్యూటర్లు సోషల్ సెక్యూరిటీ లెక్కలోకి రాలేదని అమెరికా కాంగ్రెసుకు తనిఖీలు చేసిపెట్టే సంస్థ జీఏఓ 1997లో ఎత్తిచూపింది. సంస్థ వాదనకు దిగలేదు, రాష్ట్రాల యంత్రాలను కూడా పథకంలో చేర్చుకుంది. చెల్లింపులు జరిపేది ఖజానా శాఖ కనుక ఆ శాఖ యంత్రాలతో కలిపి మొదటి నుంచి చివరి దాకా పరీక్షలు నడిపారు. 1998 డిసెంబరు 28న, గడువుకు ఏడాది ముందే, సోషల్ సెక్యూరిటీ వ్యవస్థ సిద్ధంగా ఉందని అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా ప్రకటించాడు. గుర్తింపు గురించి ఆలోచించేవారు ఈ తేదీని గమనించాలి. ఆ ప్రకటన వచ్చింది ప్రమాదం తప్పాక కాదు, సిద్ధపడడం పూర్తయ్యాక.

మార్కులు, గడువులు

మిగతా శాఖలన్నీ ఇంత ముందుచూపుతో లేవు. 1996లో సెనెటర్ డేనియల్ పాట్రిక్ మోయ్నిహాన్ ఈ విషయం మీద అధ్యక్షుడికి లేఖ రాశాడు. 1997 ఫిబ్రవరిలో జీఏఓ వై2కేను ప్రభుత్వానికి తీవ్ర ముప్పుగా ఉన్న అంశాల జాబితాలో చేర్చింది. పనిని ఐదు దశలుగా విడగొట్టి ఒక మార్గదర్శిని కూడా ప్రచురించింది. సమస్యను గుర్తెరగడం, ఏమేం ఉన్నాయో లెక్క తీయడం, మరమ్మతు, పరీక్ష, వాడకంలోకి తేవడం. ఏ శాఖ ఏ దశలో ఉందో దీనివల్ల బయటివాళ్లకు కూడా తెలిసే వీలు కలిగింది.

ప్రతినిధుల సభలో స్టీఫెన్ హార్న్ అనే సభ్యుడు ఉండేవాడు. రాజకీయాల్లోకి రాకముందు రాజనీతిశాస్త్రం బోధించాడు, ఒక విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఆ అలవాటుతోనే కాబోలు, 1996 నుంచి శాఖలకు బడిపిల్లల్లాగా మార్కులు వేసి పత్రికలకు విడుదల చేశాడు. సోషల్ సెక్యూరిటీకి 'ఏ' వచ్చింది. రవాణా శాఖకు 'ఎఫ్' వచ్చింది. శాఖాధిపతులకు తలకొట్టేసినట్టయింది. మార్కుల పద్ధతి మొరటుదే. అయినా కంప్యూటర్ గదిలో కూర్చున్న ఉద్యోగి పనికీ మంత్రి పరువుకూ మధ్య ముడి వేసింది. అప్పటిదాకా డబ్బు అడిగితే దొరకని ఉద్యోగులకు డబ్బూ మనుషులూ దొరికారు.

1998 ఫిబ్రవరి 4న క్లింటన్ ఒక ఉత్తర్వు ద్వారా 2000 సంవత్సర మార్పిడి మండలిని ఏర్పాటు చేసి, జాన్ కోస్కినెన్‌ను అధ్యక్షుడిగా నియమించాడు. ఆయన బడ్జెట్ కార్యాలయంలో ఉన్నత పదవి చేసి అప్పటికే దిగిపోయిన వ్యక్తి. పనంతా వాషింగ్టన్ నుంచి చేయించాలని ఆయన ప్రయత్నించలేదు. విద్యుత్తు, నీరు, ఆసుపత్రులు, బ్యాంకులు, టెలిఫోన్లు, ఒక్కో రంగం వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి తప్పులు వాళ్లు బయటపెట్టేలా చూశాడు. కంపెనీలు కోర్టు కేసులకు భయపడి నోరు విప్పకపోతుంటే, నిజాయితీగా ఇచ్చిన సమాచారానికి రక్షణ కల్పించే చట్టం 1998 అక్టోబరులో వచ్చింది. ప్రభుత్వ కీలక వ్యవస్థలన్నిటికీ 1999 మార్చి 31 గడువు పెట్టారు. ఆ తేదీకి 92 శాతం సిద్ధమయ్యాయి. మిగిలిన తొమ్మిది నెలలు పరీక్షలకూ, యంత్రం ఆగితే కాగితం మీద పని ఎలా నడపాలో రాసిపెట్టుకోవడానికీ ఉపయోగపడ్డాయి.

ఎఫ్ తెచ్చుకున్న రవాణా శాఖలోదే విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ. వెనుకబడిందని 1998లో గట్టిగా చీవాట్లు తిన్న ఆ సంస్థ ఉద్యోగులు 1999 ఏప్రిల్ 10న డెన్వర్ ప్రాంతంలో ఒక పరీక్ష జరిపారు. విమానాలు గాల్లో ఉండగానే ఒక వరస యంత్రాల తేదీని 2000కి తిప్పి, మామూలు తేదీతో నడుస్తున్న యంత్రాల పక్కన పెట్టి పోల్చారు. దానికి కావలసింది ధైర్యమే కాదు. ఏదైనా తేడా వస్తే క్షణంలో పాత దారికి మళ్లే ఏర్పాటు ముందే చేసుకున్నామన్న నమ్మకం కూడా ఉండాలి.

ఈ పని తెలుగునాటికి కూడా తగిలింది. ప్రభుత్వంలోనూ బయటా కోబాల్ చదవగలిగినవాళ్లు చాలలేదు. 1998లో అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని ఏడాదికి 65,000 నుంచి 1,15,000కు పెంచింది. హైదరాబాదు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నేర్పే శిక్షణ కేంద్రాలు కిటకిటలాడాయి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచింది కూడా 1998 నవంబరులోనే. ఎన్నో తెలుగు కుటుంబాలకు అమెరికాతో సంబంధం మొదలైంది ఆ రెండు మూడేళ్లలోనే. ఇతరులు ఎప్పుడో రాసిన ప్రోగ్రాములో తేదీలు వెతికే ఉద్యోగాలు చాలామందికి తొలి మెట్టయ్యాయి.

గడియారం పన్నెండు దాటాక

విమానయానం ప్రపంచమంతటా గ్రీనిచ్ కాలమానం ప్రకారం నడుస్తుంది. అందుకే అమెరికా విమానాల కంప్యూటర్లకు 2000 సంవత్సరం వచ్చింది వాషింగ్టన్‌లో సాయంత్రం 7 గంటలకు. ఆ క్షణంలో ఎఫ్ఏఏ అధిపతి జేన్ గార్వీ డల్లాస్ వెళ్లే విమానంలో కూర్చుని ఉంది. తన ఉద్యోగుల పని మీద ఆమె పెట్టిన నమ్మకం అది. వేల మందికి పతకాలు పంచినా అంత బలమైన గుర్తింపు అయ్యుండేది కాదు.

కొలరాడోలోని పీటర్సన్ వైమానిక స్థావరంలో రష్యా సైనికాధికారులూ అమెరికా అధికారులూ ఒకే గదిలో కూర్చుని క్షిపణి హెచ్చరికల తెరలు చూశారు. తప్పుడు హెచ్చరిక వస్తే అక్కడికక్కడే తేల్చుకోవడానికి. తప్పుడు హెచ్చరిక రాలేదు.

కానీ ఏమీ జరగలేదన్న మాట అక్షరాలా నిజం కాదు. అమెరికా గూఢచారి ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారాన్ని నేల మీద విడమరిచే వ్యవస్థ ఆ రాత్రి కొన్ని గంటల పాటు పనిచేయలేదు. కొన్ని విమానాశ్రయాల్లో నేలకు దగ్గరగా వీచే ప్రమాదకరమైన గాలులను పసిగట్టే పరికరాలు తప్పు సందేశం చూపి, మళ్లీ ఆన్ చేశాక కుదురుకున్నాయి. దేశానికి కాలం చెప్పే నావల్ అబ్జర్వేటరీ వెబ్‌సైటులో సంవత్సరం 19100 అని కనిపించింది. ఇవన్నీ త్వరగా సర్దుకున్నాయంటే కారణం ఉంది. ఏ యంత్రం దగ్గర ఎవరు కూర్చోవాలో, తప్పు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉంది.

సర్దుకోనిది ఇంగ్లండ్‌లో జరిగింది. గర్భిణుల వయసు, రక్తపరీక్షల ఆధారంగా పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే కంప్యూటర్ షెఫీల్డ్‌లో ఉండేది. 2000 జనవరి నుంచి అది తల్లుల వయసు తప్పుగా లెక్కవేసింది. 150 మందికి పైగా స్త్రీలకు ముప్పు తక్కువని తప్పుడు ఫలితాలు వెళ్లాయి. మే దాకా ఆ సంగతి బయటపడలేదు. యంత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. పింఛను లెక్కలో చూసిన తప్పు సరిదిద్దకుండా మిగిలిపోతే మనుషుల బతుకుల్లో దాని ఆకారం ఇలా ఉంటుంది. వై2కే గాలికబురు అనేవారు ఈ ఒక్క సంఘటనకు సమాధానం చెప్పుకోవాలి.

పేరు ఎందుకు రాదు

2000 జనవరి మొదటి వారంలోనే విమర్శలు మొదలయ్యాయి. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక్కటే దాదాపు 850 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. దేశం మొత్తం మీద 10,000 కోట్ల డాలర్లని వాణిజ్య శాఖ అంచనా. ఇంత పోసి చివరికి తప్పింది ఏమిటని అడిగారు. అంతగా ఖర్చు పెట్టని ఇటలీ, రష్యా వంటి దేశాల్లో కూడా ఏమీ కాలేదు కదా అన్నారు.

ఆ రెండో ప్రశ్న న్యాయమైనదే, దాటవేయకూడదు. ఆ దేశాలు వాడిన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం బయటి దేశాల్లో మరమ్మతై వచ్చినదే. మరమ్మతు ఖర్చు ఒకచోట పడితే ఫలితం అన్నిచోట్లా అందింది. పైగా వాటి కార్యాలయాల్లో కంప్యూటర్ల మీద ఆధారం అమెరికాలో ఉన్నంతగా లేదు. కాగితం ఇంకా బతికే ఉంది. అలాగని ఖర్చంతా అవసరమైనదేనని కూడా చెప్పలేం. వై2కే పేరు చెప్పి పాత కంప్యూటర్లు మార్చుకున్న కార్యాలయాలు ఎన్నో. కానీ డబ్బు కొంత వృథా అయినంత మాత్రాన ప్రమాదం అబద్ధమైపోదు.

అసలు చిక్కు లోకరీతిలో ఉంది. చెరువు నీరటిని తీసుకుంటే, వానలకు ముందే కట్ట మీద తిరిగి ఎలుక బొరియలు పూడుస్తాడు, తూము తలుపు కదులుతుందో లేదో చూస్తాడు, అలుగుకు అడ్డంపడ్డ కంప నరికేస్తాడు. ఆ ఏడు కట్ట నిలిస్తే అతనికి ఎవరూ అదనంగా గింజ కొలవరు. కట్ట తెగితే మాత్రం ఇసుక బస్తాలు భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్ల పేర్లు ఊళ్లో ఏళ్ల తరబడి నిలుస్తాయి. వాళ్లను మెచ్చుకోవడం తప్పు కాదు. కట్ట నిలిచిన ఏడు నీరటి చేసిన పనికి ఆనవాలు లేకపోవడమే లోపం.

ఈ లోకరీతిని పరిశోధకులు లెక్కల్లో కూడా చూపారు. ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో అమెరికా ఎన్నికల ఫలితాలనూ విపత్తుల ఖర్చులనూ పక్కపక్కన పెట్టి చూశారు. విపత్తు వచ్చాక సహాయం పంచిన ప్రభుత్వానికి ఓటర్లు ఓట్లు వేశారు. విపత్తుకు ముందే సన్నద్ధత మీద ఖర్చు పెట్టినదాన్ని పట్టించుకోలేదు. సన్నద్ధత మీద పెట్టిన ఒక్కో డాలరు తర్వాత దాదాపు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని వాళ్ల అంచనా. అంటే ప్రజలకు ఎక్కువ మేలు చేసే ఖర్చుకే ప్రజల మెప్పు లేదు. సంస్థల లోపల కూడా ఇదే తీరని ఎంఐటీ ఆచార్యులు నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్ 2001లో వివరించారు. మంటలు ఆర్పేవారికి పదోన్నతులు వస్తాయి. మంటలు పుట్టకుండా చూసేవారికి మనుషులనూ సమయాన్నీ తగ్గిస్తారు. దాంతో మంటలు పెరుగుతాయి, ఆర్పేవారి విలువ ఇంకా పెరుగుతుంది. ఈ చక్రంలో పడ్డ కార్యాలయం అందులోంచి తనంతట తాను బయటపడడం కష్టం.

ముందే చూసి మెచ్చుకోవడం

గుర్తింపు ఇచ్చే పద్ధతులు ప్రభుత్వాల్లో లేక కాదు. అమెరికాలో 1978 నాటి సివిల్ సర్వీసు చట్టం కింద అధ్యక్షుడి పేరిట ర్యాంక్ అవార్డులు ఉన్నాయి. ఉన్నతాధికారుల్లో నూటికి ఒక్కరిని మించకుండా ఇచ్చే పై అవార్డుకు మూల వేతనంలో 35 శాతం, దాని తర్వాతిదానికి 20 శాతం నగదు ఇస్తారు. 2002 నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ ఫెడరల్ ఉద్యోగులకు సర్వీస్ టు అమెరికా పతకాలు అందిస్తోంది. భారతదేశంలో ప్రజాపాలనలో ప్రతిభకు ప్రధానమంత్రి అవార్డులు, జాతీయ ఈ-గవర్నెన్స్ అవార్డులు ఉన్నాయి. ఈ-గవర్నెన్స్ అవార్డుల్లో సహజంగానే కొత్త సేవకు, కొత్త యాప్‌కు ఆకర్షణ ఎక్కువ. కొత్తదాన్ని ప్రారంభించినప్పుడు రిబ్బను కత్తిరించవచ్చు, ఫోటో తీయవచ్చు. పాత సర్వరు ఆగిపోతే రెండు గంటల్లో తిరిగి లేపగలమని నిరూపించినప్పుడు ఫోటోకు ఏమీ ఉండదు.

అలాంటి నిరూపణ లేని చోట ఏమవుతుందో ఇటీవలి సంఘటనలు చూపాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి పరీక్షల నివేదికల దాకా చేతిరాతతో నడిచాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ సమాచార కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకుని 600కు పైగా ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వ పూర్తిగా కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్లకు వేరేచోట నకలు లేదు. కంప్యూటర్ల వాడకంలో ప్రపంచంలోనే ముందున్న దేశాల్లో దక్షిణ కొరియా ఒకటి.

వై2కే అనుభవం నుంచి తేలే పద్ధతి ఏమిటంటే, ఫలితం కోసం ఎదురుచూడకుండా సన్నద్ధతనే కొలవడం. జీఏఓ చెప్పిన ఐదు దశలూ ప్రమాదానికి ముందే బయటివాళ్లు తనిఖీ చేయగలిగినవి. నేటి ప్రభుత్వ వ్యవస్థలకు కూడా అలాంటి కొలతలు దొరుకుతాయి. ఆ కార్యాలయంలో ఏ యంత్రం దేని మీద ఆధారపడిందో చెప్పే జాబితా ఉందా? చివరిసారి దాన్ని సరిచూసింది ఎప్పుడు? బ్యాకప్ తీస్తున్నారా అన్నది సగం ప్రశ్నే. ఆ బ్యాకప్‌ను ఖాళీ యంత్రంలోకి ఎక్కించి, సేవ నడిచేదాకా చూశారా, ఎన్ని గంటలు పట్టింది? యంత్రాలన్నీ ఆగితే తహసీల్దారు కార్యాలయంలో, ఆసుపత్రి కౌంటరులో, ఖజానా కార్యాలయంలో కాగితం మీద పని ఎలా సాగుతుందో రాసి ఉందా, సిబ్బంది ఒక్కసారైనా అలా నడిపి చూశారా? వీటికి సరైన జవాబులున్న ఉద్యోగుల పని నిరూపించడానికి ప్రమాదం రానక్కరలేదు.

కొలతల్లో ఒక ఉచ్చు ఉంది. ఏడాదిలో అంతరాయాలు సున్నా అని చూపినవారికి బహుమతి అంటే అంతరాయాలను దాచడం మొదలవుతుంది. దానికన్నా పరీక్షలో బయటపెట్టిన తప్పులను లెక్కలోకి తీసుకోవడం మంచిది. బ్యాకప్ తిరిగి ఎక్కించే కసరత్తులో అది విఫలమైందని నిజం రాసి, మరుసటి నెల సరిచేసి చూపిన బృందం, కసరత్తే చేయకుండా అంతా బాగుందని రాసిన బృందం కన్నా ఎంతో మేలు. సోషల్ సెక్యూరిటీ సంస్థ రాష్ట్రాల యంత్రాలను మరిచిన సంగతి ఒప్పుకుని సరిదిద్దుకున్నందుకే చివరి పరీక్షలో నిలిచింది.

మెప్పు ఎవరికి చేరాలన్నది కూడా చూసుకోవాలి. కోస్కినెన్ పేరు చరిత్రలో ఉంది, ఉండవలసిందే. కానీ వాయిదాల ప్రోగ్రాం 2000ను తీసుకోవడం లేదని 1989లో పట్టుకున్నవారు పదవులు లేని సిబ్బంది. పెద్ద అధికారికి ఇచ్చే అవార్డు ఆ బల్ల దాకా చేరదు. బృందానికి ఇచ్చే గుర్తింపు, సర్వీసు రికార్డులో రాసే ఒక్క వాక్యం, పదోన్నతిలో పరిగణన, అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చే ఏడు అదే పనికి మనుషులనూ డబ్బునూ తగ్గించకపోవడం, ఇవి చేరతాయి. 2000 తర్వాత చాలా చోట్ల జరిగింది దీనికి వ్యతిరేకం. పని అయిపోయిందని బృందాలను విడగొట్టారు. కోటి తంటాలు పడి తయారుచేసిన యంత్రాల జాబితాలు సరిచూసేవారు లేక పాతబడ్డాయి.

అలాంటి జాబితాలు మళ్లీ కావలసిన తేదీ ఒకటి దగ్గరపడుతోంది. యూనిక్స్ తరహా వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కపెడతాయి. ఆ లెక్కను 32 బిట్ల గడిలో దాచుకున్న పాత ప్రోగ్రాముల్లో 2038 జనవరి 19న, గ్రీనిచ్ కాలమానం ప్రకారం 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లు దాటగానే గడి నిండిపోతుంది. తర్వాతి క్షణం వాటికి 1901 డిసెంబరు. కొత్త యంత్రాలు 64 బిట్లకు మారాయి కనుక వాటికి ఈ గండం లేదు. నీటి పంపులు, విద్యుత్ ఉపకేంద్రాలు, ఆసుపత్రి పరికరాలు, సిగ్నళ్లలో ఇమిడిపోయిన చిన్న చిన్న కంప్యూటర్లు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని డేటాబేసులు మాత్రం వెతికి చూడవలసినవి. ఇరవై ఏళ్ల గృహరుణం వాయిదాలు, ముప్పై ఏళ్ల ప్రభుత్వ బాండ్ల లెక్కలు ఇప్పటికే 2038ని దాటుతున్నాయి. 1989 నాటి వాయిదాల ప్రోగ్రాంలాగానే తప్పులు ముందు ఇలాంటి చోట్లే బయటపడతాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని సరిచేసే ఉద్యోగులు ఏ దేశంలో ఉన్నా, వాళ్ల పనిని తనిఖీ చేసి గుర్తించడానికి 2038 దాకా ఆగనక్కరలేదు.